గది దాటిన మాట

సాహితి మంచం ఖాళీ అయిందన్న కబురు హాస్టల్లో పాకుతుండగా పోయినవారం భాగంలో మహిమను వదిలాం. ఆ సాయంత్రం క్లాసులు ముగియకముందే కాలేజీ గేటు దగ్గర కారు ఆగింది. ఫస్టియర్ పిల్ల సాహితిని ఎక్కించుకుని బనగానపల్లె దారి పట్టింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆఫీసు ముందు నిలబడి, సాహితి ఏమైందని గొంతెత్తి అడిగింది మహిమ ఒక్కతే. "నీకెందుకమ్మా, క్లాసుకు పో" అన్నారు. ఆమె పోలేదు. వాళ్లు తలుపు వేసేదాకా అక్కడే నిలబడింది.

మహిమ థర్డియర్. ఊరు కోయిలకుంట్ల దగ్గరి పల్లె. తండ్రి ప్రకాశం వారమంతా కూలిపని చేసి, ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాడు. కర్నూలు బయట, నంద్యాల రోడ్డు మీద ఉన్న ఈ ప్రైవేటు కాలేజీకి వచ్చిన మొదటి ఏడాది ఆమెకు నరకం. లైబ్రరీ వెనక గదిలో ఏడాది పొడవునా ఉంచుకోవడానికి పుస్తకాలిస్తారని తెలియక, సగం పాఠాలు చదవకుండానే పరీక్ష రాసింది. వెనకబడ్డవాళ్లకు సాయంత్రాలు విడిగా చెబుతారని తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఎక్కడున్నాయో చెప్పే మనిషే లేదు.

అందుకే థర్డియర్లోకి రాగానే రూమ్మేట్ క్రిస్టినాతో కలిసి 'తోడు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. ఏ కష్టానికి ఎవరి దగ్గరికి పోవాలో చేత్తో రాసి, ఆ కాగితాలను బాత్రూము తలుపులకు లోపలివైపు అంటించింది. అక్కడైతే చదువుతున్న సంగతి పక్కవాళ్లకు తెలియదు. అన్నిటికంటే పైన ఎర్రస్కెచ్చుతో పెద్ద అక్షరాలు: "మనసు బాగలేకపోతే కౌన్సెలర్ మధులత మేడం గది. ఆఫీసు వెనక, మెట్ల కింద. అక్కడ చెప్పిన మాట అక్కడే ఉంటుంది."

ఆ కాగితం చదివాకే సాహితి ఆ గదికి పోయింది. మొదటిరోజు గది బయటి బెంచీ దాకా తోడు వెళ్లింది కూడా మహిమే.

ఇక తెల్లవారింది.

సాహితి గదిలో ఆమె తల్లి కృష్ణవేణమ్మ ట్రంకుపెట్టెలో బట్టలు కుక్కుతోంది. మడత పెట్టడం లేదు, కసిగా విసురుతోంది. వరండాలో ఆడపిల్లలు గోడకు ఆనుకుని చూస్తున్నారు. మహిమ గడప దగ్గర ఆగింది.

"ఈడ మహిమ అంటే ఎవరు?" వెనక్కి తిరగకుండానే అడిగింది కృష్ణవేణమ్మ.

"నేనేనమ్మా."

ఆమె తిరిగి చూసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. "యా ఊరు మీది?"

చెప్పింది.

"మీ నాయన పేరు?"

"ప్రకాశం."

ఆ పేరు వినగానే ఆమె చూపు మారింది. ఊళ్లో పెద్దిళ్ల అరుగుల ముందు నడిచేటప్పుడు మహిమ చిన్నప్పటినుంచీ ఎరిగిన చూపే అది.

"బాగుండాది. మా ఇంటి పిల్లకు దారి చూపించేదానివి నువ్వా!"

మహిమ ఆ మాటను మింగింది. "సాహితి ఎట్లుండాదమ్మా?"

"ఎట్లుంటాది? నిన్న ఆఫీసులో కూసోబెట్టినారు మమ్మల్ని. నన్ను, మా ఆయన్ను, మా బావను. కారు తోలే మనిషి కూడా తలుపుకాడనే నిలబడుండాడు. అందరూ ఇంటాండంగానే మీ ప్రిన్సిపాలు మొదలుపెట్టినాడు. మీ పాప కేసీ కాలువ గట్టుకు పోయిందంట. నీళ్లను చూస్తా శానాసేపు కూసోనుండిందంట. పొద్దున లేయకుంటే బాగుండునని అనుకుంటాదంట. ఇంట్లో పెద్దనాయన అడుగుల సప్పుడు ఇంటేనే బయమంట. ఒగటొగటీ చెప్తాంటే నా బిడ్డ ఆన్నే నిలబడి ఇనింది. ఆ మేడం పక్కనే తల వంచుకోని కూసోనుండె. నా బిడ్డ ఒకసారి ఆయమ్మ మొగం దిక్కు చూసింది. అంతే. అప్పుడు మూసిన నోరు మళ్లా తెరవల్యా."

వరండాలో ఎవరో గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

"కారులో మా బావ ఏమన్నాడో తెలుసునా? ఇంట్లో పిచ్చిదాన్ని పెట్టుకుంటే మిగతా పిల్లల గతేంది అన్నాడు. అది పక్కనే కూసోనుండాది, దాని ముందరనే అన్నాడు. మామిడితోటలో రూములో పెట్టినారు దాన్ని. కాపలా మనిషి ఉండాడు. కన్నతల్లిని, నన్ను గూడా ఒంటిగా పోనియ్యడంల్యా." ఆమె పెట్టెలోకి ఇంకో గుడ్డ విసిరింది. "నాతో చెప్పుకోని మాట ఆడికి పోయి ఏంటికి చెప్పింది? ఎవరు పొమ్మన్నారు దాన్ని?"

మహిమ తల ఎత్తింది. "నేనే పొమ్మన్నానమ్మా."

కొడుతుందనుకుంది. కొట్టలేదు. కృష్ణవేణమ్మ పెట్టె మూత ధన్‌మని వేసి, గొళ్లెం బిగించింది.

"పట్టు. కారుదాకా నువ్వే మోసుకోనిరా."

డ్రైవరు ముందుకు రాబోతే చేత్తో ఆపింది. మహిమ పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుంది. హాస్టల్ మెట్లు దిగి, మైదానం దాటి, క్లాసులకు పోతున్న పిల్లల మధ్యనుంచి నడిచింది. కృష్ణవేణమ్మ వెనకే వస్తూ, అందరికీ వినబడేలా తిడుతూనే ఉంది. "నీ నోట్లో మన్ను పడ. నీకూ ఒక బిడ్డ పుడ్తాది, ఆపొద్దు తెలుస్తాది." పెట్టె డిక్కీలో పెట్టాక మహిమ ఏదో అనబోయింది. కారు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

మధులత గదికి ఎలా చేరిందో మహిమకు తెలియదు. మెట్ల కింద ఇరుకు గది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, కిర్రుమనే ఫ్యాను, కిటికీలో మనీప్లాంట్ పెట్టిన గాజుసీసా. ఆ సీసాను ఫస్టియర్లో మహిమే ఇచ్చింది.

మధులత అలవాటుగా లేచి తలుపు వేయబోయింది.

"తెరిచే ఉండనీండి మేడం," అంది మహిమ. "వేస్తే మాత్రం ఏం ఆగుతాది?"

మధులత చెయ్యి తలుపు మీద ఒక్క క్షణం నిలిచింది. తరువాత వేసేసింది. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, ఎప్పుడూ నలగని కాటన్ చీర. ఆమె కూర్చుని, ఎదుటి కుర్చీ చూపింది. మహిమ కూర్చోలేదు.

"సాహితి మీకు చెప్పిన మాటలు ప్రిన్సిపాల్ సారుకు ఎట్ల తెలిసినాయి?"

"నేనే చెప్పినా."

కాదంటుందనుకుని వచ్చింది మహిమ. దబాయిస్తుందనీ, ఎవరో చాటుగా విన్నారంటుందనీ అనుకుంది. వాటికి జవాబులు దారంతా కూడబెట్టుకుంది.

"ఈడ చెప్పింది ఈడనే ఉంటాదని మీరే కదా అన్నారు. నాకు చెప్పినారు. నేను దాన్నే రాసినా. అందరి తలుపుల మీదా రాసినా మేడం!"

"నీతో అన్నప్పుడు అది నిజమే." మధులత గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "పోయిన ఎండాకాలం మగపిల్లల హాస్టల్లో ఒక పిల్లోడు చనిపోయినాడు, గుర్తుందా? టీవీవాళ్లు గేటుముందర మూడుపొద్దులూ నిలబడినారు. అడ్మిషన్లు పడిపోయినాయి. అప్పుడు ఛైర్మన్ నన్ను పిలిపించినాడు. నీ కాడికి వచ్చేవాళ్లలో ఇట్లాంటివాళ్లుంటే నాకు ముందే తెల్లాల, చచ్చేవాళ్లు వాళ్ల ఇంటికాడ చావనీ, నా గేటు లోపల వద్దు అన్నాడు."

"ఇంటికాడ..." అంది మహిమ.

"అప్పటినుంచి వారం వారం పోయి చెప్పి రావాల. తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు. బయపెడతారు. మా ఇష్టంతోనే మాన్పిస్తాండామని సంతకం చేయించుకోని టీసీ ఇచ్చి పంపిస్తారు. ఆమీద ఏం జరిగినా కాలేజీ పేరు రాదు." ఆమె టేబుల్ మీద లేని దుమ్ము తుడిచింది. "మొదట్లో నాకు పెద్ద బాధ లేకుండె. ఎవరొస్తారు ఈ గదికి? ఇట్లాంటి గది ఒకటుందనే సగంమందికి తెలీదు. చెప్పేకి పేర్లు ఉండేవే కాదు. ఆమీద నీ కాగితాలు వచ్చినాయి."

మహిమకు తన ఎర్రస్కెచ్చు అక్షరాలు గుర్తొచ్చాయి.

"బయట బెంచీ నిండిపోయింది. మీటింగులో ప్రిన్సిపాల్ గారు నీ పేరెత్తి మెచ్చుకున్నారు మహిమా. ఈ అమ్మాయి పుణ్యమా అని ముందే తెలిసిపోతాండారు అన్నారు. కాలేజీ డే నాడు నీకు శాలువా కప్పాలని కూడా అనుకున్నారు."

ఈ ఏడాది మానేసిన పిల్లల ముఖాలు ఒక్కొక్కటిగా మహిమ కళ్ల ముందుకొచ్చాయి. ఒకమ్మాయికి ఇంటి దగ్గర ఇబ్బంది అన్నారు. ఇంకొకామెకు కామెర్లన్నారు. ఒకబ్బాయి ఆదోనిలో మామ అంగడి చూసుకోవడానికి పోయాడన్నారు. ఆ కుర్రాడు ఈ గదినుంచి బయటికొస్తూ, "మనసు తేలికైందక్కా, థ్యాంక్స్" అని చెప్పి పోయాడు. వాళ్లంతా చెప్పకుండా పోయారని మహిమ నొచ్చుకుంది కూడా.

"వాళ్లంతా ఇట్లనే పోయినారా?"

"అందరూ కాదు. శానామంది."

"నాకొక్క మాట చెప్పుంటే సరిపోయేది కదా మేడం. కాగితాలు చింపేసేదాన్ని. మీ పేరు బయటికి రాకుండానే చేసేదాన్ని. నేను పిల్లల్ని చెయ్యి పట్టుకోని ఈడికి తీసుకొస్తాంటే చూస్తా ఎట్ల కూర్చున్నారు?"

"నా పిల్లలిద్దరూ ఈ యాజమాన్యం బళ్లోనే ఫీజు లేకుండా చదువుతాండారు. మా ఆయనకు పని లేదు. ఇంకేం చెప్పాల నీకు?" మధులత కళ్లు ఎత్తింది. వాటిలో తడి లేదు. "నన్ను అసహ్యించుకో. పర్వాలేదు. నాకు అలవాటైంది."

"అందరికీ చెప్తా. మద్యాన్నం మెస్సులో నిలబడి చెప్తా."

మధులత కుర్చీలో వెనక్కి వాలింది. తరువాత మాట్లాడిన గొంతు, రెండేళ్ల కిందట మహిమ ప్రాణం నిలబెట్టిన గొంతు. అదే నిదానం, అదే ఓదార్పు.

"ఫస్టియర్లో ఈ కుర్చీలోనే కూర్చోని ఏం చెప్పినావో గుర్తుందా? హాస్టల్ పైకప్పు మీదికి పోయినా మేడం, చివర దాకా పోయినా అన్నావు. కింద ఎవరో బట్టలుతుకుతా పాట పాడుతుంటే ఆ పాట అయిపోయేదాకా ఆగుదామని కూర్చున్యా అన్నావు. మా నాయన నన్ను చూసి మురిసిపోతాంటాడు, ఆ మురిపెం మొయ్యలేకపోతాండా అన్నావు. ప్రకాశం బిడ్డ ఇంజనీరు అవుతాదని చర్చిలో ప్రార్థన చేయిస్తాంటే, దేవుడా ఆ ప్రార్థన ఆపెయ్యమని నేను ప్రార్థన చేసినా అన్నావు."

ఒక్క మాట కూడా మార్చలేదు. వెక్కుతూ వెక్కుతూ తాను చెప్పుకున్న మాటలు ఇంకొకరి నోట ఇంత శుభ్రంగా వస్తుంటే, మహిమకు అందరి ముందూ బట్టలు ఊడదీసినట్టయింది.

"ఆపొద్దు మీరు నా చెయ్యి పట్టుకున్నారు మేడం."

"పట్టుకున్నా. ఇప్పుడూ నీ మంచికే చెప్తాండా. అది ఇంతవరకు ఎవరికీ చెప్పల్యా. నువ్వు గమ్మున ఉంటే ఇంకముందూ చెప్పను. వచ్చే ఏడాదితో నీ చదువు అయిపోతాది. మీ నాయన కోరుకున్నట్టే బయటపడతావు. మెస్సులో నోరు తెరిస్తే మాత్రం సాయంత్రానికి ఆయన ఈ ఆఫీసులో కూర్చోనుంటాడు. ఆ పైకప్పు సంగతి ఆయన ఎవరి నోటినుంచి ఇంటాడో ఆలోచించుకో."

మహిమ తలుపు తీసింది. బయట బెంచీ మీద ఫస్టియర్ పిల్ల ఒకతె కూర్చుని ఉంది. ముఖమంతా పీక్కుపోయి ఉంది. చేతిలో ఫోను, ఫోనులో 'తోడు' గ్రూపు.

"లేయ్," అంది మహిమ. "అన్నం తిందాం, పా."

"నన్ను రమ్మన్నారక్కా ఈ టైముకు."

"వద్దు. పోవద్దు."

"ఏంటికక్కా?"

వెనకనుంచి మధులత వచ్చి గడపలో నిలబడింది. ఆమె పిల్లను చూడలేదు, మహిమను చూస్తోంది. నోట్లో ఉన్న మాట మహిమ నోట్లోనే ఉండిపోయింది. నాయన ముఖం ఒక్కటే కనబడుతోంది.

"నువ్వే కదక్కా పొమ్మన్నావు," అంది ఆ పిల్ల అయోమయంగా. మహిమ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

మహిమ ఆ మూసిన తలుపు ముందు నిలబడింది. లోపల మాటలు వినబడలేదు. కాసేపటికి వెక్కిళ్లు వినబడ్డాయి. ఆ వెక్కిళ్లు విన్నాక ఇక ఆమెను భయం ఆపలేకపోయింది. ముందు హాస్టలుకు పోయి, బాత్రూముల్లో తాను అంటించిన కాగితాలన్నీ గోళ్లతో గీకి పీకేసింది. వేళ్ల చివర్లు చిట్లాయి. ఆ చేతులతోనే మెస్సుకు వెళ్లింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. సాంబారు వాసన, స్టీలు పళ్లేల చప్పుడు. మహిమ బల్లెక్కి గరిటెతో బకెట్ మీద కొట్టింది. నవ్వులు వచ్చాయి. ఎవరో ఫోను ఎత్తి వీడియో మొదలుపెట్టారు.

"మధులత మేడం కాడికి ఎవరూ పోవద్దండి," అంది. "ఆడ చెప్పిన మాట ఆఫీసుకు పోతాది. ఆఫీసునుంచి మీ ఇంటికి పోతాది. సాహితి అట్లనే పోయింది. ఈ ఏడాది పోయినవాళ్లు శానామంది అట్లనే పోయినారు. పొమ్మని చెప్పింది నేనే. నాకు తెలీదు. తెలీకనే చెప్పినా."

చప్పుళ్లు ఆగిపోయాయి.

"నేనూ ఫస్టియర్లో చావాలని హాస్టలు పైకప్పు ఎక్కినా. ఆ మేడం ముందరే చెప్పుకున్యా. ఇప్పుడు దాన్ని అడ్డం పెట్టుకోని నన్ను నోరు మూసుకోమంటాంది. అందుకే నేనే చెప్తాండా, మీ అందరికీ. మనసు బాగలేకుంటే టౌన్లో పెద్దాసుపత్రికి పోదాం. ఓపీలో మానసిక డాక్టర్లుంటారు, యా కాలేజీ అని ఆరా తీయరు. తోడు కావాలంటే నేనొస్తా. రేత్రయినా నన్ను లేపండి. ఆ గదికి మాత్రం పోవద్దండి."

ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని చూసింది. ముందు వరసలో ఒకమ్మాయి పక్కదానితో, "పైకప్పు ఎక్కిందంట, మనకు సలహాలు చెప్పేది ఈ యమ్మేనా?" అంది. ఆ వరసంతా కిసుక్కుమంది. ఇంకొకతె పళ్లెం తీసుకుని దూరం జరిగింది. ఇన్నాళ్లూ 'అక్కా, అక్కా' అని వెంటబడినవాళ్లు తలలు దించుకుని అన్నం కలుపుకుంటున్నారు, ఆమె తమవైపు చూస్తే తాము కూడా అక్కడికి పోయినట్టు బయటపడుతుందేమోనని.

అప్పుడు క్రిస్టినా లేచింది. జమ్మలమడుగు పిల్ల. ఏడాదిగా ఒకే గదిలో ఉంటూ, కాగితాల మీద బాణం గుర్తులు గీసిపెట్టిన పిల్ల. బల్ల దగ్గరికి వచ్చి, మహిమకు మాత్రమే వినబడేలా అడిగింది.

"నన్నెప్పుడు పంపిస్తారు?"

"ఏందే?"

"నేనూ పోయినా. నీకు చెప్పల్యా. పోయిన నెల పోయినా." క్రిస్టినా పెదవులు తెల్లబడ్డాయి. "మా చిన్నాయన నన్ను చిన్నప్పుడు ఏం చేసినాడో ఆయమ్మకు చెప్పినా. మా అమ్మకు తెలీదు. నువ్వు రాసినావు కదా, ఆడనే ఉంటాదని. నువ్వు రాసినావనే నమ్మినా. నాకు నాయన లేడు మహిమా. నాకోసం ఎవర్ని పిలిపిస్తారో తెలుసు కదా? మా చిన్నాయననే పిలిపిస్తారు. ఆయన ముందరే చదివి చెప్తారు."

మహిమ బల్ల దిగి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. క్రిస్టినా వెనక్కి తగ్గింది.

"ముట్టుకోవద్దు నన్ను," అంది. తిట్టలేదు, అరవలేదు. తినని పళ్లేన్ని అక్కడే వదిలి వెళ్లిపోయింది.

ఆ వెనకే మెస్సు వాకిట్లో అటెండరు పెద్ద ఈరన్న కనబడ్డాడు. "మహిమమ్మా," అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. "ప్రిన్సిపాల్ సారు రమ్మంటాండాడు. మీ నాయన వచ్చినాడు."

మహిమకు ముందు అర్థం కాలేదు. సాయంత్రం అన్నది కదా మధులత! తాను నోరు తెరిచి ఇంకా పావుగంట కాలేదు. కోయిలకుంట్లనుంచి బస్సుకే పూట పడుతుంది. ఆ లెక్క తలలో తేలింది. గమ్మున ఉంటే చెప్పనని ఆమె మాట ఇచ్చేసరికే నాయన బస్సులో ఉన్నాడు.

ప్రిన్సిపాల్ రాజశేఖర్ గదిలో ఏసీ చల్లగా ఉంది. ప్రకాశం కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. పండక్కి చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కూతురికేదో గౌరవం జరుగుతుందని ఇంటినుంచి బయలుదేరాడేమో. ఇప్పుడు ఆ చొక్కా వీపున చెమటతో అంటుకుపోయి ఉంది.

కూతురు లోపలికి రాగానే లేచాడు. దగ్గరికి వచ్చి ఆమె భుజాలు, చేతులు తడిమి చూశాడు, ఎక్కడ దెబ్బ తగిలిందో వెతుకుతున్నట్టు. చిట్లిన వేళ్ల దగ్గర ఆగాడు.

"పైకప్పు ఎక్కినావంట," అన్నాడు. "నిజమేనా పాపా?"

"అది ఫస్టియర్లో నాయనా."

"నా ప్రార్థన మొయ్యలేకపోతివంట."

ప్రకాశం తల ఊపాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఈ రెండేళ్లలో తాను దేవుణ్ని అడిగిన ప్రతి ఆదివారాన్నీ వెనక్కి తీసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

"చూడండి ప్రకాశం గారూ," అన్నాడు రాజశేఖర్, టై సవరించుకుంటూ. "నిన్న సాయంత్రం ఆఫీసు ముందు మీ అమ్మాయి గొడవ చేసిన తీరు చూశాకే మధులత గారిని అడిగాను. ఆవిడ చెప్పబట్టి వెంటనే మీకు ఫోన్ చేయించాను. ఇప్పుడు మెస్సులో ఏం చేసిందో కూడా విన్నారు కదా. ఆరోగ్యం బాగాలేని పిల్ల. ఇక్కడి ఒత్తిడి తట్టుకోలేదు. అంతా మీ మంచికే. మహిమా, సామాను సర్దుకో. మీ నాన్నగారు సంతకం చేశారు."

టేబుల్ మీద కాగితం. అడుగున ప్రకాశం సంతకం, తెలుగులో, బైబిలు అట్ట మీద పేరు రాసుకున్నంత శ్రద్ధగా.

"నాయనా," అంది మహిమ. "ఏమని చెప్పి చేయించుకున్నారు?"

"నిన్ను పెద్ద డాక్టర్లకు చూపిస్తారంట. కాలేజీనే చూసుకుంటాదంట. తండ్రి ఒప్పుకోవాలంట కదా, అందుకే చేసినా." ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. "ఇంగ్లీషులో ఉండాది. సారు చదివి చెప్పినాడు. ఏమి పాపా? కాదా?"

రాజశేఖర్ చెయ్యి కాగితం మీదికి వచ్చింది. మహిమ చెయ్యి అంతకంటే ముందే వచ్చింది. చిట్లిన వేలి రక్తం తెల్లకాగితం అంచున అంటుకుంది.

"ఈరన్నా, తలుపు వెయ్యి," అన్నాడు రాజశేఖర్. "బయట ఎవరూ ఉండకుండా చూడు."

పెద్ద ఈరన్న తలుపు పట్టుకున్నాడు. వెయ్యలేదు, తెరిచీ పెట్టలేదు. ఆ సందులోనుంచి వరండాలో నిలబడిన క్రిస్టినా కనబడింది. ఆమె పక్కన, చేతిసంచీ మోకాళ్ల మీద పెట్టుకుని, నెరిసిన మీసాలున్న పెద్దమనిషి ఒకాయన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లోపలినుంచి పిలుపు కోసం చూస్తూ, ఒక చేత్తో క్రిస్టినా మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"ఆయనెవరు సారూ?" అడిగాడు ప్రకాశం.

"మీ తర్వాత వాళ్లు," అన్నాడు రాజశేఖర్.